ఓఆర్‌ఎస్ ప్యాకెట్ వెనుక ఉన్న లెక్క: మోలార్ ద్రవ్యరాశిని ఎలా కనుగొంటారు? అది ఎందుకు ముఖ్యం?

వాంతులు, విరేచనాలతో నీరసించిపోయిన బిడ్డ ప్రాణాన్ని నిలబెట్టే ఓఆర్‌ఎస్ ప్యాకెట్‌లో ప్రధానంగా ఉండేవి నాలుగే పదార్థాలు. అవి ఉప్పు, గ్లూకోజ్, పొటాషియం క్లోరైడ్, సోడియం సిట్రేట్. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాణాల ప్రకారం లీటరు నీటికి సరిపడే పొడి బరువు 20.5 గ్రాములు. అందులో ఉప్పు 2.6 గ్రాములైతే గ్లూకోజ్ 13.5 గ్రాములు.

అదే ప్రమాణాన్ని మరో కొలతలో చూస్తే వేరే అంకెలు కనిపిస్తాయి. లీటరు ద్రావణంలో సోడియం 75 మిల్లీమోల్స్, గ్లూకోజ్ కూడా 75 మిల్లీమోల్స్. తూకంలో ఒకదానికొకటి పొంతన లేని పదార్థాలు ఈ కొలతలో సరిసమానం ఎలా అయ్యాయి? ఆ సమానత్వం కోసం శాస్త్రవేత్తలు ఎందుకు పట్టుబట్టారు?

ఈ రెండు ప్రశ్నలకూ జవాబు పాఠశాల రసాయన శాస్త్రంలోనే ఉంది. తొమ్మిదో, పదో తరగతిలో చాలామంది బట్టీపట్టి మరచిపోయే మోలార్ ద్రవ్యరాశి అనే భావనే ఆ జవాబు.

తూకం వేరు, సంఖ్య వేరు

కిలో నువ్వులు, కిలో శనగలు త్రాసులో సమానంగా తూగుతాయి. కానీ గింజలు లెక్కపెడితే నువ్వుల సంఖ్య ఎన్నో రెట్లు ఎక్కువ. గింజ బరువు తక్కువైనప్పుడు అదే తూకానికి ఎక్కువ గింజలు వస్తాయి. పదార్థాల విషయంలోనూ జరిగేది ఇదే. ఉప్పులోని కణాలు, గ్లూకోజ్ అణువులు ఒకే బరువు ఉండవు. కాబట్టి రెండింటినీ చెరొక గ్రాము తూచినంత మాత్రాన వాటి సంఖ్య సమానం కాదు.

రసాయన చర్యలైనా, శరీరంలో జరిగే జీవక్రియలైనా కణాల సంఖ్యను బట్టి నడుస్తాయి గాని వాటి బరువును బట్టి కాదు. ఒక సోడియం అయానుకు ఎన్ని గ్లూకోజ్ అణువులు తోడుగా ఉన్నాయన్నదే పేగుల గోడలకు ముఖ్యం. అయితే అణువులను ఒక్కొక్కటిగా లెక్కించడం మనిషికి సాధ్యం కాదు. అతని చేతిలో ఉన్నది త్రాసు మాత్రమే. త్రాసు చెప్పే బరువును కణాల సంఖ్యగా మార్చే సాధనమే మోలార్ ద్రవ్యరాశి.

డజను అంటే 12, గ్రోసు అంటే 144 అన్నట్లుగానే రసాయన శాస్త్రంలో మోల్ అనేది ఒక లెక్క. దాని విలువ 6,022 పక్కన 20 సున్నాలు చేర్చినంత. దీనినే అవొగాడ్రో సంఖ్య అంటారు. ఏదైనా పదార్థంలో ఇన్ని కణాలు ఉంటే అది ఒక మోల్. ఆ ఒక్క మోల్ బరువు ఎన్ని గ్రాములో చెప్పేదే ఆ పదార్థపు మోలార్ ద్రవ్యరాశి. మోల్‌లో వెయ్యో వంతు మిల్లీమోల్.

2019 మే 20 నుంచి అమలులోకి వచ్చిన అంతర్జాతీయ నిర్వచనం ఈ సంఖ్యను స్థిరపరిచింది. అంతకుముందు 12 గ్రాముల కార్బన్‌-12లో ఎన్ని పరమాణువులు ఉంటాయో అన్ని కణాలను ఒక మోల్‌గా పరిగణించేవారు. నిర్వచనం మారినా తరగతి గదిలో, మందుల తయారీ కేంద్రంలో చేసే లెక్కలో గుర్తించదగిన తేడా ఏదీ రాలేదు.

లెక్క చేసే పద్ధతి

సమ్మేళనం ఎంత క్లిష్టమైనదైనా మోలార్ ద్రవ్యరాశిని కనుగొనే దారి ఒక్కటే. మొదట దాని ఫార్ములాలో ఏయే మూలకాలు ఉన్నాయో, ఒక్కొక్కటి ఎన్ని పరమాణువుల చొప్పున ఉందో చూడాలి. తర్వాత ఆవర్తన పట్టికలో ప్రతి మూలకానికి ఇచ్చిన పరమాణు భారాన్ని ఆ సంఖ్యతో గుణించాలి. చివరగా వచ్చిన వాటినన్నింటినీ కూడాలి. ఆ మొత్తాన్ని గ్రాములుగా చదివితే అదే ఒక మోల్ బరువు.

ఓఆర్‌ఎస్‌లోని పదార్థాలకు కావలసిన పరమాణు భారాలు ఇవి:

సోడియం – 22.99
క్లోరిన్ – 35.45
పొటాషియం – 39.10
కార్బన్ – 12.011
హైడ్రోజన్ – 1.008
ఆక్సిజన్ – 15.999

ఈ అంకెలు పూర్ణసంఖ్యలుగా ఎందుకు లేవన్న సందేహం విద్యార్థులకు తరచూ వస్తుంది. ప్రకృతిలో ఒకే మూలకానికి వేర్వేరు బరువులున్న ఐసోటోపులు ఉండడం ఇందుకు ముఖ్య కారణం. క్లోరిన్ పరమాణువుల్లో దాదాపు నాలుగింట మూడు వంతులు 35 ద్రవ్యరాశి సంఖ్య గలవి, మిగిలినవి 37 గలవి. ఆ మిశ్రమం సగటే 35.45.

ఇక ఉప్పు సంగతి. సోడియం క్లోరైడ్‌లో ఒక సోడియం, ఒక క్లోరిన్ ఉంటాయి. 22.99కి 35.45 కలిపితే 58.44. అంటే 58.44 గ్రాముల ఉప్పు ఒక మోల్. ప్యాకెట్‌లోని 2.6 గ్రాములను 58.44తో భాగిస్తే 0.0445 మోల్ వస్తుంది. అది 44.5 మిల్లీమోల్స్.

పొటాషియం క్లోరైడ్‌దీ ఇదే దారి. 39.10, 35.45 కలిపితే 74.55. ప్యాకెట్‌లోని 1.5 గ్రాములను దానితో భాగిస్తే 20.1 మిల్లీమోల్స్.

గ్లూకోజ్ అణువులో 6 కార్బన్, 12 హైడ్రోజన్, 6 ఆక్సిజన్ పరమాణువులు ఉంటాయి. కార్బన్ వాటా 72.066, హైడ్రోజన్ వాటా 12.096, ఆక్సిజన్ వాటా 95.994. మూడూ కలిపితే 180.156. ప్యాకెట్‌లోని 13.5 గ్రాములను ఈ సంఖ్యతో భాగిస్తే 74.9 మిల్లీమోల్స్ వస్తుంది. ప్రమాణంలో చెప్పిన 75 ఇదే.

పైకి కనిపించని నీరు

నాలుగో పదార్థమైన సోడియం సిట్రేట్ దగ్గర లెక్క ఒక మలుపు తిరుగుతుంది. దాని పూర్తి పేరు ట్రైసోడియం సిట్రేట్ డైహైడ్రేట్. అందులో 3 సోడియం, 6 కార్బన్, 5 హైడ్రోజన్, 7 ఆక్సిజన్ పరమాణువులు ఉంటాయి. వీటి మొత్తం 258.07. కానీ పేరు చివర ఉన్న డైహైడ్రేట్ అనే మాటను విస్మరించరాదు. ప్రతి సిట్రేట్ అణువుతోపాటు రెండు నీటి అణువులు స్ఫటికంలో భాగంగా ఒదిగి ఉన్నాయని దాని అర్థం. దీనినే స్ఫటిక జలం అంటారు. పొడి చేతికి పొడిగానే తగులుతుంది, కానీ త్రాసులో ఆ నీరు కూడా తూగుతుంది.

ఒక నీటి అణువు బరువు 18.015 కాబట్టి రెండింటిది 36.03. దానిని 258.07కు కలిపితే 294.10. ప్యాకెట్‌లోని 2.9 గ్రాములను 294.10తో భాగిస్తే 9.9 మిల్లీమోల్స్, అంటే ఇంచుమించు 10. ప్రతి సిట్రేట్‌కు మూడు సోడియంలు ఉన్నందున దీని నుంచి లభించే సోడియం 29.6 మిల్లీమోల్స్.

ఇప్పుడు మొత్తం కూడితే ప్రమాణపు అంకెలు ఒక్కొక్కటిగా బయటపడతాయి. ఉప్పు నుంచి 44.5, సిట్రేట్ నుంచి 29.6 కలిపి సోడియం 74.1. ఉప్పు నుంచి 44.5, పొటాషియం క్లోరైడ్ నుంచి 20.1 కలిపి క్లోరైడ్ 64.6. వీటినే 75, 65 అని పేర్కొంటారు. గ్రాములను ఒక దశాంశ స్థానానికి సవరించినందువల్ల వచ్చిన స్వల్ప తేడా ఇది. సోడియం 75, క్లోరైడ్ 65, గ్లూకోజ్ 75, పొటాషియం 20, సిట్రేట్ 10 కలిస్తే 245. ఓఆర్‌ఎస్ ద్రావణపు ఆస్మోలారిటీగా పేర్కొనే సంఖ్య ఇదే. ద్రావణంలో కరిగి ఉన్న కణాల మొత్తం సాంద్రతను అది తెలుపుతుంది.

స్ఫటిక జలాన్ని మరచిపోతే ఏమవుతుందో గ్లూకోజ్‌తోనే చూడవచ్చు. బజారులో గ్లూకోజ్ రెండు రూపాల్లో దొరుకుతుంది. ఒకటి నీరు లేని అనార్ద్ర గ్లూకోజ్, రెండోది అణువుకొక నీటి అణువును మోసే మోనోహైడ్రేట్. రెండో దాని మోలార్ ద్రవ్యరాశి 198.17. తయారీదారు పొరపాటున అనార్ద్ర గ్లూకోజ్‌కు బదులు మోనోహైడ్రేట్‌ను 13.5 గ్రాములు తూస్తే, అందులో గ్లూకోజ్ 68 మిల్లీమోల్స్ మాత్రమే ఉంటుంది. తూకం సరిగ్గానే ఉన్నా గ్లూకోజ్ దాదాపు 9 శాతం తగ్గిపోతుంది. ఆ లోటు రాకుండా ఉండాలంటే మోనోహైడ్రేట్‌ను సుమారు 14.9 గ్రాములు తూచాలి.

75కు 75 ఎందుకు?

కలరా వంటి వ్యాధుల్లో పేగుల్లోకి నీరు, లవణాలు ధారగా స్రవించి బయటికి పోతాయి. ఆ సమయంలో ఉత్త నీరు తాగిస్తే పోయిన లవణాలు తిరిగి రావు. ఉప్పునీరు తాగించినా పేగులు దానిని తగినంతగా గ్రహించలేవు. అయితే చిన్న పేగు గోడలోని కణాల్లో మరో ద్వారం ఉంది. సోడియం, గ్లూకోజ్ జతగా వస్తే ఆ ద్వారం రెండింటినీ లోనికి తీసుకుంటుంది. వాటి వెంట నీరూ లోనికి చేరుతుంది. కలరా విషం ఈ ద్వారాన్ని మూసివేయలేదు. రాబర్ట్ క్రేన్ 1960లో ప్రాగ్‌లో జరిగిన శాస్త్రీయ సదస్సులో సోడియం, గ్లూకోజ్‌ల ఈ జంట ప్రయాణాన్ని ప్రతిపాదించారు.

ఓఆర్‌ఎస్ పనిచేయడానికి మూలం ఇదే. అందులో గ్లూకోజ్ ఉన్నది రుచి కోసమో, నీరసం తగ్గించడం కోసమో కాదు. అది సోడియానికి తోడు. కనుక గ్లూకోజ్ సంఖ్య కనీసం సోడియం సంఖ్యతో సమానంగా ఉండేలా ప్రమాణాన్ని రూపొందించారు. గ్లూకోజ్ మరీ ఎక్కువైనా ముప్పే. పేగులోని ద్రవం రక్తం కన్నా చిక్కనైతే, శరీరంలోని నీరే ఎదురు నడిచి పేగులోకి వచ్చి విరేచనాలు పెరుగుతాయి.

బన్‌గావ్ శిబిరంలో 22 గ్రాములు

ఈ లెక్క విలువ ప్రపంచానికి తెలిసివచ్చింది దక్షిణాసియాలోనే. 1968లో ఢాకాలోని కలరా పరిశోధన కేంద్రంలో డేవిడ్ నాలిన్, రిచర్డ్ క్యాష్‌ల బృందం నోటి ద్వారా ఇచ్చే గ్లూకోజ్–లవణ ద్రావణంతో కలరా రోగులకు సెలైన్ అవసరం బాగా తగ్గుతుందని నిరూపించింది. అయితే ఆసుపత్రి గోడల వెలుపల, శిక్షణ పొందిన సిబ్బంది లేనిచోట అది పనిచేస్తుందా అన్న అనుమానం మిగిలే ఉంది.

1971లో బంగ్లాదేశ్ విమోచన యుద్ధం వేళ లక్షలాది శరణార్థులు పశ్చిమ బెంగాల్ సరిహద్దులు దాటి వచ్చారు. బన్‌గావ్ శిబిరంలో కలరా ప్రబలింది. సెలైన్ సీసాలు నిండుకున్నాయి. పిల్లల వైద్యుడు దిలీప్ మహలనబిస్ ముందు ఉన్న దారి ఒక్కటే. నోటి ద్వారా తాగించే ద్రావణాన్ని పెద్దయెత్తున తయారుచేయించి, రోగుల బంధువుల చేతికే ఇచ్చి తాగించమన్నారు. అంతవరకు 30 శాతం వరకు ఉన్న మరణాలు, ఈ చికిత్స పొందినవారిలో 3.6 శాతానికి తగ్గాయి. 2022లో కన్నుమూసిన మహలనబిస్‌కు 2023లో భారత ప్రభుత్వం మరణానంతరం పద్మవిభూషణ్ ప్రకటించింది.

ఆ శిబిరంలో వాడిన మిశ్రమం లీటరుకు గ్లూకోజ్ 22 గ్రాములు, ఉప్పు 3.5 గ్రాములు, వంటసోడా 2.5 గ్రాములు. తర్వాతి కాలంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసిన తొలి ప్రమాణంలో గ్లూకోజ్ 20 గ్రాములే. ఈ రెండు గ్రాముల తేడా చూసి బన్‌గావ్‌లో గ్లూకోజ్ ఎక్కువ వేశారనుకుంటే పొరపాటు. అక్కడ వాడినది బజారులో దొరికే మోనోహైడ్రేట్. 22ను 198.17తో భాగించినా, అనార్ద్ర రూపంలోని 20ని 180.156తో భాగించినా వచ్చేది ఒక్కటే, 111 మిల్లీమోల్స్. తూకం మారింది, అణువుల సంఖ్య మారలేదు.

2002లో మారిన అంకెలు

పాత ప్రమాణంలో సోడియం 90, గ్లూకోజ్ 111, మొత్తం ఆస్మోలారిటీ 311గా ఉండేవి. కలరాలో సోడియం భారీగా పోతుంది కాబట్టి ఆ మోతాదు అప్పటి అవసరానికి తగినదే. కానీ పిల్లలకు సాధారణంగా వచ్చే ఇతర విరేచనాల్లో సోడియం నష్టం అంతగా ఉండదు. దీంతో మిశ్రమాన్ని పలుచన చేయాలన్న ఆలోచన బలపడింది. పలు దేశాల్లో జరిగిన పరీక్షల అనంతరం 2002లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ ఇప్పుడున్న 245 ప్రమాణాన్ని సిఫారసు చేశాయి.

కొత్త మిశ్రమంతో పిల్లలకు సెలైన్ ఎక్కించాల్సిన అవసరం సుమారు 33 శాతం, విరేచనాల పరిమాణం సుమారు 20 శాతం, వాంతులు సుమారు 30 శాతం తగ్గినట్లు ఆ సంస్థలు పేర్కొన్నాయి. ప్యాకెట్‌లో జరిగిన మార్పు చూస్తే ఉప్పులో 0.9 గ్రాము, గ్లూకోజ్‌లో 6.5 గ్రాముల తగ్గింపు మాత్రమే.

జింక్ మాత్రపై రెండు అంకెలు

విరేచనాల చికిత్సలో ఓఆర్‌ఎస్‌తోపాటు పిల్లలకు జింక్ కూడా ఇస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ గతంలో చేసిన సిఫారసు ప్రకారం ఆరు నెలలు దాటిన పిల్లలకు రోజుకు 20 మిల్లీగ్రాములు, అంతకన్నా చిన్నవారికి 10 మిల్లీగ్రాముల చొప్పున 10 నుంచి 14 రోజులు. ఇక్కడ చెప్పిన 20 మిల్లీగ్రాములు జింక్ మూలకానిది, జింక్ సల్ఫేట్‌ది కాదు.

జింక్ పరమాణు భారం 65.38. ఒక గంధకం, నాలుగు ఆక్సిజన్‌లు, ఒక నీటి అణువు కలిసిన జింక్ సల్ఫేట్ మోనోహైడ్రేట్ మోలార్ ద్రవ్యరాశి 179.45. కనుక 20 మిల్లీగ్రాముల జింక్ కావాలంటే ఆ లవణం 54.9 మిల్లీగ్రాములు ఉండాలి. ఏడు నీటి అణువులున్న హెప్టాహైడ్రేట్ రూపంలోనైతే దాని మోలార్ ద్రవ్యరాశి 287.54 కాబట్టి దాదాపు 88 మిల్లీగ్రాములు కావాలి. మందు పెట్టెపై లవణం బరువు ఒకటి, జింక్ బరువు మరొకటి కనిపించడానికి కారణం ఇదే. రెండూ నిజమే. వైద్యులు చెప్పే మోతాదుతో సరిచూసుకోవలసినది మాత్రం జింక్ బరువునే.

పేరులో ఓఆర్‌ఎస్ ఉంటే చాలదు

ప్యాకెట్ అందుబాటులో లేనప్పుడు లీటరు శుభ్రమైన నీటిలో ఆరు చదును చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలిపి ఇవ్వవచ్చన్న సూచన అందరూ విన్నదే. ఇందులో చెంచా అంటే 5 మిల్లీలీటర్ల టీ స్పూను. పంచదార మోలార్ ద్రవ్యరాశి 342.3. ఆరు చెంచాలు సుమారు 25 గ్రాములు కాబట్టి అది 73 మిల్లీమోల్స్. పేగుల్లో ప్రతి పంచదార అణువు విడిపోయి ఒక గ్లూకోజ్, ఒక ఫ్రక్టోజ్ అవుతుంది. అంటే గ్లూకోజ్ మళ్లీ 75 దరిదాపుల్లోకే వస్తుంది. అయితే ఈ మిశ్రమంలో పొటాషియం, సిట్రేట్ ఉండవు. కాబట్టి ప్యాకెట్ దొరికే వరకే దీనిని ఆసరాగా భావించాలి.

తీపి పానీయాల సంగతి ఇందుకు భిన్నం. లీటరుకు 100 గ్రాముల పంచదార ఉన్న పానీయాన్ని తీసుకుంటే, పంచదార ఒక్కటే 292 మిల్లీమోల్స్ అవుతుంది. ఓఆర్‌ఎస్‌లోని అన్ని పదార్థాల మొత్తం 245 కన్నా ఇదే ఎక్కువ. పేగుల్లో అది రెండుగా విడిపోయాక కణాల సంఖ్య రెట్టింపవుతుంది. సోడియం మాత్రం నామమాత్రం. విరేచనాలవుతున్న బిడ్డకు ఇటువంటి పానీయం మేలుకన్నా కీడే చేయవచ్చు.

2025 అక్టోబరులో భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ ఆహార పానీయాల పేర్లలో ఓఆర్‌ఎస్ అన్న మాటను వాడరాదని ఆదేశించింది. హైదరాబాద్‌కు చెందిన పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి ఈ అంశంపై పోరాడారు. పెట్టెపై ఏ పేరున్నా, ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా ప్రకారం తయారైనదా కాదా అన్నది వెనుకవైపు పట్టికలోని అంకెలు చెబుతాయి.

చివరి కొలత ఇంటివారిదే

తయారీదారు ఎంత కచ్చితంగా తూచినా, లెక్కలోని ఆఖరి అంకె ఇంటిలోనే తేలుతుంది. అది నీటి పరిమాణం. లీటరుకు ఉద్దేశించిన ప్యాకెట్‌ను 200 మిల్లీలీటర్ల గ్లాసులో కలిపితే ద్రావణం ఐదింతలు చిక్కనవుతుంది. సోడియం 75కు బదులు 375 మిల్లీమోల్స్‌కు చేరుతుంది. పసిపిల్లలకు అది ప్రమాదకరం. కొంచెం పొడి ఇప్పుడు, కొంచెం పొడి తర్వాత అని విడతలుగా కలిపినా నాలుగు పదార్థాలూ సమపాళ్లలో పడతాయన్న హామీ లేదు.

చిన్న ప్యాకెట్లు కూడా అమ్మకంలో ఉన్నందున ఎంత నీటికి సరిపడే ప్యాకెట్టో ముందుగా చదివి, పొడి మొత్తాన్ని అంతే నీటిలో ఒకేసారి కలపాలి. కలిపిన ద్రావణాన్ని 24 గంటల్లోగా వాడాలి, మిగిలితే పారబోయాలి. బిడ్డ మగతగా ఉన్నా, తాగలేకపోతున్నా, మలంలో రక్తం కనిపించినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.